వెళ్ళొస్తాను అనరాదు

శ్రీలంకకు గోంగూర పచ్చడి పట్టుకెళ్ళనిస్తారా లేదా అని మేమిద్దరం వాదించుకుంటున్న రోజుల్లోనే వీడ్కోలు మండలి పుట్టింది.

మేమిద్దరం అంటే నేనూ, నా తోడికోడలు హైమవతీ. మా భర్తలు అన్నదమ్ములు. వరుస తప్పకుండా పెద్దవారు ముందు, చిన్నవారు తర్వాత వెళ్ళిపోయారు. మిగిలిన తోడికోడళ్ళం ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. హైమ మా ఊరి బస్టాండు ఎదురుగా టీ కొట్టు నడిపింది. కాచి కాచి, వడపోసి వడపోసి, చివరికి కొట్టు ఎత్తేసిన రోజున ఒకే కోరిక చెప్పింది.

"అక్కా, ఈ ఆకు చెట్టు మీద ఉన్నప్పుడు ఎలాగుంటదో ఓసారి చూడాలే. ఇన్నాళ్ళూ దాని శవాన్నే చూశాను."

"దానికి దేశం దాటాలా? మన దేశంలో లేవా టీ తోటలు?"

"ఉన్నాయి. అక్కడ ఎవడో మనోడు తగిలి, 'హైమమ్మగారూ, మీ చేతి టీ తాగి ఎన్నాళ్ళయిందండీ' అంటాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుంటాను. పరాయి దేశమైతే వాళ్ళు కాచి ఇస్తారు, నేను తాగి వంకలు పెడతాను."

ఇందులో న్యాయం ఉంది కనుక ఒప్పుకున్నాను. ప్రయాణ సన్నాహాలు మాత్రం నా చేతిలోకి తీసుకున్నాను. నేను భయస్తురాలిని. భయస్తులు సర్దినట్టు ఇంకెవరూ సర్దలేరు. అక్కడ ఉక్కపోత అని చెప్పినా రెండు స్వెట్టర్లు పెట్టాను. కొండమీద చలి అని చెప్పినా రెండు విసనకర్రలు పెట్టాను. కరెంటు కుక్కరు, అక్కడి గోడల్లో దూరే ప్లగ్గు, మజ్జిగ మిరపకాయలు, బట్టలారేసుకునే తాడు, ఏ మాత్ర దేనికో తెలుగులో రాసి అంటించిన మందుల అట్టలు. పాసుపోర్టుల నకళ్ళు సంచిలో ఒకటి, జాకెట్లో ఒకటి, కుక్కర్లో ఒకటి.

"అమ్మా, కొలంబోలో కూడా అన్నమే తింటారండి," అన్నాడు టికెట్లు చేసిన ట్రావెల్స్ ఆయన.

"తింటారు నాయనా, కాదనను. అది మనం వార్చింది కాదుగా," అన్నాను.

ఇంతలో మా జిల్లా వ్యాపారస్తుడొకాయన బాలి ద్వీపానికి విహారయాత్ర కట్టాడు. ఆయన్ని సాగనంపడానికి విమానాశ్రయానికి రెండు బస్సుల బంధువులు, ఒక బ్యాండు మేళం వెళ్ళారు. అద్దాల తలుపు ముందు గుమ్మడికాయ కొట్టారు. ఆయన మేనత్తల కాళ్ళకు దణ్ణాలు పెట్టుకుంటూ, పెద్దమేనత్తతో మొదలుపెట్టి ఆఖరి మేనత్త దగ్గరికొచ్చేసరికి విమానం ఎగిరిపోయింది. అవే బస్సుల్లో ఆయన తిరిగొచ్చాడు. ఏడ్చిన ఏడుపంతా వృథా అయిందని బంధువులు అలిగారు. అది పేపర్లలో పడింది. ప్రభుత్వం నిపుణుల సంఘం వేసింది. రద్దీకి మూలకారణం ప్రయాణాలు కావనీ, వీడ్కోళ్ళనీ సంఘం తేల్చింది.

అలా పుట్టింది విదేశీ విహారయాత్రికుల వీడ్కోలు క్రమబద్ధీకరణ మండలి. ఇకమీదట విహారానికి విదేశం వెళ్ళేవారెవరైనా తమ వీడ్కోళ్ళన్నీ బయలుదేరే ముందురోజే, మండలి సమక్షంలో, ఒకే విడతలో పూర్తిచేసుకోవాలి. అప్పుడు చేతి మీద నీలం ముద్ర వేస్తారు. ముద్ర పడ్డవారు ఆ క్షణం నుంచీ వెళ్ళినవారి కిందే లెక్క. వారితో మళ్ళీ ఎవరైనా మాట్లాడితే అది రెండో వీడ్కోలవుతుంది, శిక్షార్హం.

మా ఊళ్ళో మండలికి కళ్యాణ మండపం ఇచ్చారు. అప్పగింతలు జరిగి జరిగి ఆ గోడలకు అనుభవం ఉందన్నారు. వేదిక మీద వధూవరుల ఎర్ర మఖమలు కుర్చీలు రెండూ అలాగే ఉంచారు. వరుడి కుర్చీలో వీడ్కోలు అధికారి పరాంకుశరావుగారు కూర్చుంటారు. వధువు కుర్చీ ఖాళీ. మండపం మధ్యలో పసుపుతాడు అడ్డంగా కట్టారు. ఇవతల వెళ్ళనివారు, అవతల వెళ్ళినవారు. మగపెళ్ళివారి విడిది గదులు అవతల ఉన్నాయి కనుక వెళ్ళినవారు రాత్రికి అక్కడే పడుకోవాలి. మర్నాడు బస్సు వచ్చి విమానాశ్రయానికి తీసుకుపోతుంది.

మా వంతు వచ్చిన రోజున గుమ్మం దగ్గరే చిక్కొచ్చింది. లోపలికి అడుగుపెట్టబోయే ప్రతివాణ్ణీ, "ఎక్కడికి?" అని అడగాలని కాపలావాడికి ఉత్తర్వు. బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే ఏమవుతుందో తెలుగువాడికి చెప్పాలా? ముందున్న పెద్దమనిషి చివాలున వెనక్కి తిరిగి మెట్ల మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేచాడు. కాపలావాడు మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. మేం వెళ్ళేసరికి మెట్ల నిండా కుటుంబాలు కూర్చుని నీళ్ళు తాగుతున్నాయి. సీసాలు అయిపోతే పక్కింటి కుళాయికి వెళ్తున్నాయి.

"అడక్కుండా ఉండలేవటయ్యా?" అంది హైమ.

"ఉజ్జోగం పోద్దండి," అన్నాడు వాడు. "నాక్కూడా ఏం బాగోలేదండి. పొద్దున్నించీ శాపనార్థాలే."

హైమ చెవులు మూసుకుని లోపలికి నడిచింది. నేనూ అదే చేశాను. విననిది అడగనట్టే కదా.

హైమనే ముందు పిలిచారు. సాగనంపడానికి మా మేనల్లుడు వీరాస్వామి, అతని భార్య, పక్కింటి మాణిక్యం వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. గంట మోగింది.

"ఇందుమూలంగా దుఃఖ విరామం ప్రారంభమైనది," అన్నారు పరాంకుశరావుగారు. "బంధుమిత్రాదులు తమ తమ దుఃఖాన్ని యథాశక్తి, నిశ్శబ్దంగా వ్యక్తపరచవచ్చును."

బెంచీ మీద ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంట మళ్ళీ మోగింది. దుఃఖం అయిపోయింది.

"సదరు యాత్రికురాలు తన నిష్క్రమణను ఏకవాక్యంలో ప్రకటించాలి."

"పోతన్నానండి!" అంది హైమ. ఆమెకు ఇలాంటి పట్టింపులు లేవు. కొట్టు కట్టేసేటప్పుడు కూడా అలాగే అనేది.

నీలం ముద్ర పడింది. తాడెత్తి అవతలికి పంపారు.

"అత్తా, గ్యాసు బండ పుస్తకం ఎక్కడెట్టావు?" అని అరిచాడు వీరాస్వామి.

"అల్మైరాలో, బియ్యం..."

గంట మోగింది. "ఆమె దేశంలో లేరు," అన్నారు పరాంకుశరావుగారు.

"అదిగోనండీ, ఎదురుగానే ఉందండీ!"

"అది మీ దృష్టి. ప్రభుత్వ దృష్టి వేరు."

నన్ను పిలిచారు. "శ్రీమతి అలివేలుగారు తమ నిష్క్రమణను ప్రకటించాలి."

"వెళ్ళొస్తానండి," అన్నాను.

ముద్ర గాలిలో ఆగిపోయింది. ఆయన పక్కన కూర్చున్న భాషా సలహాదారుగారు గొంతు సవరించుకున్నారు. సంధులు విడదీయడంలో ఆయన పేరున్నవారట.

"ఈ వాక్యంలో 'వెళ్ళి' అనునది అసమాపక క్రియ. అనగా పూర్తికానిది. 'వస్తాను' అనునది సమాపక క్రియ. వాక్యమునకు ప్రాణము సమాపక క్రియయే."

"అనగా ఈమెకు వెళ్ళడం పూర్తి కాలేదు. ఈమె చెప్పుచున్నది వస్తానని?" అన్నారు పరాంకుశరావుగారు.

"వ్యాకరణరీత్యా అంతే."

పరాంకుశరావుగారు నావైపు జాలిగా చూశారు. "అమ్మా, వచ్చేవారికి వీడ్కోలు ఇచ్చే అధికారం మాకు లేదు. రావడం అనేది రాకల విభాగం పరిధి. ఆ విభాగం ఇంకా మంజూరు కాలేదు. కనుక 'వెళ్తున్నాను' అనండి. అక్కడితో ఆపండి."

"అలా అనకూడదండి."

"ఎందుకనకూడదు?"

ఎందుకో చెప్పాను. మా అన్నయ్య రేవులో లాంచీ ఎక్కుతూ, "ఇక వెళ్తానే," అన్నాడు. మా ఆయన ఆపరేషను గది తలుపు దగ్గర, నన్ను నవ్విద్దామని స్ట్రెచరు మీంచి చెయ్యూపి, "వెళ్తా మరి," అన్నారు. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు.

మాణిక్యం కొంగుతో కళ్ళొత్తుకుంది.

"విషాదకరం," అన్నారు పరాంకుశరావుగారు. "అయితే ఆ రెండు సందర్భాల్లోనూ వాక్యాలు సమగ్రంగా ఉన్నాయి. వారి వీడ్కోళ్ళు చెల్లుతాయి."

"అక్కా!" తాడు అవతలి నుంచి హైమ కేక. "ఒక్క ముక్క అనెయ్యవే! నోరరిగిపోద్దా? రేపు విమానం!"

"వెళ్ళినవారు మాట్లాడరాదు!"

"మాట్లాడకపోతే ఏం చెయ్యను, దెయ్యాన్నై పట్టుకోనా?" అంది హైమ.

నేను నోరు తెరిచాను. 'వెళ్' అన్నంతవరకూ వచ్చింది. మిగతాది గొంతులోనే కూర్చుంది. అనకపోతే హైమ ఒక్కతే పోతుంది. వడియాల సంచి ఎక్కడ పెట్టానో కూడా దానికి తెలియదు. అంటే, ఇద్దరం వెళ్తాం. ఆ తర్వాత సంగతి వాక్యంలో లేదు. చెమటలు పట్టి బెంచీ మీద కూలబడ్డాను. మాణిక్యం కొంగుతో విసరసాగింది. విసనకర్రలు సామానులో ఉండిపోయాయి.

"ఆలోచించుకోండి," అని పరాంకుశరావుగారు తర్వాతి కుటుంబాన్ని పిలిచారు.

చాలాసేపటికి హైమ తాడు దగ్గరకొచ్చి, అక్కడ నిలబడ్డ బంట్రోతుతో గుసగుసగా ఏదో అంది. ఆడవాళ్ళ బాత్‌రూము తాడుకి ఇవతల ఉంది. పెళ్ళిళ్ళలో అది ఆడపెళ్ళివారిది. వాడు కుదరదన్నాడు. ఇక హైమ గొంతు పెంచింది.

"ఒక్కసారి వెళ్ళొస్తాను బాబూ!"

భాషా సలహాదారుగారు కుర్చీలోంచి లేచారు.

"విన్నారా? సమాపక క్రియ!"

"విన్నాను," అన్నారు పరాంకుశరావుగారు. ఆయన ముఖం వెలిగింది. "విదేశానికి వెళ్ళిన వ్యక్తి, విదేశం వైపు నిలబడి, 'వస్తాను' అని ప్రకటించినది. ఇది మన మండలి చరిత్రలో మొట్టమొదటి రాక!"

ఆయన పైఅధికారులకు ఫోను చేశారు. రాకల విభాగం అక్కడికక్కడే మంజూరైంది. దాని అదనపు బాధ్యతలు ఆయనకే అప్పగించారు. ఆయన వరుడి కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, వధువు కుర్చీలో కూర్చున్నారు. హైమను తాడు దాటించి, నీలం ముద్ర పక్కన ఎర్రముద్ర వేశారు. ఎవరో పూలదండ వేశారు. హైమ దండతోనే బాత్‌రూములోకి పరిగెత్తింది.

బయటికి రాగానే ఫొటో తీశారు.

"శ్రీలంక ఎలా ఉంది?" అని అడిగారు పరాంకుశరావుగారు.

"తలుపుకి గడియ లేదండి," అంది హైమ.

"సౌకర్యాల లేమి. తెలియపరుస్తాం."

అప్పుడు భాషా సలహాదారుగారికి నేను గుర్తొచ్చాను. నేను చేసిందీ రాక ప్రకటనే. 'వెళ్ళి' అనేది పూర్వకాలిక క్రియ కనుక నా వెళ్ళడం అంతకుముందే జరిగిపోయి ఉండాలి. వెళ్ళకుండా వస్తాననడం వ్యాకరణంలో లేదు. కనుక నాకు నీలం, ఎర్ర ముద్రలు రెండూ ఒకేసారి వేశారు. మా విహారయాత్ర విజయవంతంగా ముగిసిందని ప్రకటించారు.

ఆ వార్తతో మండపం మారిపోయింది. విమానాశ్రయంలో ఒక్క మనిషి రద్దీ లేకుండా విదేశయాత్ర పూర్తి చేయించవచ్చని తేలింది కదా. వరుసలో ఉన్నవాళ్ళు తామూ వెళ్ళొస్తామన్నారు. ఒకాయన యూరప్ పది దేశాలూ తాడుకి అటూ ఇటూ గెంతి ముగించాడు. దుబాయి వెళ్ళొచ్చిన ఇల్లాలు బయటికొస్తూ, ఎండలు మండిపోతున్నాయని కొంగుతో ముఖం తుడుచుకుంది. సాయంత్రానికి మండపం బయట ఖర్జూరాలూ, చాక్లెట్లూ అమ్మే బండి వెలిసింది. తెచ్చింది పంచకపోతే ఊరుకోరు కదా చుట్టాలు.

"నాకు టీ పొడి తెచ్చావా హైమా?" అని అడిగింది మాణిక్యం. ఆమె పొద్దున్నించీ మాతోనే ఉంది.

ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళని ప్రయాణం నేను జన్మంతా కోరుకున్నది. ఇద్దరం బయలుదేరాం, ఇద్దరం క్షేమంగా తిరిగొచ్చాం. అంతకంటే ఏం కావాలి?

తెల్లారి లేచేసరికి హైమ వంటింట్లో నేలమీద కూర్చుని ఉంది. కుక్కరు, స్వెట్టర్లు అప్పటికే తీసి అటక కింద పెట్టేసింది. టీ కాచింది. నా గ్లాసు నా ముందు పెట్టింది.

"చెప్పవే అక్కా," అంది.

"ఏం చెప్పను?"

"తోటలు. నువ్వూ వెళ్ళొచ్చావుగా. ఆకు ఎలాగుంది? నున్నగా ఉందా, నూగుతో ఉందా? తుంచితే వాసనొచ్చిందా?"

నేను టీ ఊదుకున్నాను.

"నాకు బాత్‌రూమొక్కటే కనబడింది," అని తన గ్లాసు తీసుకుని పెరట్లోకి పోయింది.

ఎత్తిపొడుపులు నాకు కొత్త కాదు. కానీ హైమ తన టీ తాగలేదు. పెరట్లో తులసికోట పక్కన నిలబడి, వడకట్టిన పొడిని వేళ్ళతో విడదీసి, ఒక ముక్కను అరచేతిలో పరిచి, అది ఆకుగా ఎలా ఉండి ఉంటుందో చూస్తోంది. కళ్ళద్దాలు పైకెత్తుకుని మరీ చూస్తోంది.

నేను చెప్పులేసుకుని మండపానికి వెళ్ళాను. దారి పొడుగునా చెవులు మూసుకునే నడిచాను. పరాంకుశరావుగారు వరుడి కుర్చీలో ఉన్నారు. గంట కోసం ఆగలేదు.

"వెళ్తున్నాను," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి అది నా గొంతులా లేదు, మా ఆయన గొంతులా ఉంది.

"నేనూ, మా హైమా ఇవాళ వెళ్తున్నాం. అక్కడితో ఆపేశాను. వెయ్యండి ముద్ర."

భాషా సలహాదారుగారు మెచ్చుకోలుగా తలూపారు. "నిర్దుష్టమైన వాక్యం."

"నిర్దుష్టమే కానీ," అన్నారు పరాంకుశరావుగారు, "తమరు వెళ్ళి వచ్చేశారు. ఒకే టికెట్టు మీద రెండో నిష్క్రమణకు వీలు లేదు."

"అంటే మమ్మల్ని పంపరా?"

"పంపలేం. వచ్చేసినవారు మండలి పరిధిలోకి రారు."

నాకు వ్యాకరణం రాదు. నేను చదువుకున్నది పొట్లాల కాగితాల మీద. కానీ కాగితం ఎక్కడ చిరిగిందో తెలుస్తుంది.

"పరిధిలోకి రాకపోతే, మమ్మల్ని ఆపే అధికారం కూడా మీకు లేదు కదండీ?"

ఆయన వరుడి కుర్చీలో ఆలోచించారు. లేచి వధువు కుర్చీలోకి మారి ఆలోచించారు.

"లేదు," అన్నారు చివరికి. "ప్రభుత్వ దృష్టిలో తమరు ఇంట్లో ఉన్నారు. ఇంట్లో ఉన్నవారు ఎక్కడికి పోతే మాకేమి?"

కుక్కరు మళ్ళీ సర్దడానికి ఎంతోసేపు పట్టలేదు. గోంగూర సంగతి తేలలేదు. అడిగే వ్యవధి లేక పెట్టేశాం. వీరాస్వామి కారు మాట్లాడి ఎక్కించాడు. వస్తానంటే హైమ వద్దంది. "నిన్న ఏడ్చారుగా, చాల్లే," అంది.

విమానాశ్రయంలో మండలివారి బల్ల ఉంది. మా చేతుల మీద ఎర్రముద్రలు చూసి, "వచ్చేశారా? ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగి వదిలేశారు. మిగతావారంతా నీలం ముద్రలతో, ఎవరితోనూ మాట్లాడకుండా, తలలు దించుకుని వరుసలో నిలబడ్డారు. సాగనంపేవారు ఒక్కరు కూడా లేరు. అంత పెద్ద ఆవరణలో పెట్టెల చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అంతా క్రమబద్ధంగా ఉంది. నాకు మాత్రం చావు ఇంటిముందు చెప్పులు విప్పుతున్నట్టుంది.

అద్దాల తలుపు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను పాసుపోర్టులు చూస్తున్నాడు. మీసాలు నెరిసినవాడు, మన వైపు మనిషే. హైమది చూసి లోపలికి పంపాడు. నాది తీసుకున్నాడు. అలవాటుకొద్దీ వెనక్కి చూశాను. చెప్పడానికి ఎవరూ లేరు. ఎదురుగా ఉన్నది అతనే.

"వెళ్తున్నాను నాయనా," అన్నాను.

అతను ఇవ్వబోయిన పాసుపోర్టు వెనక్కి లాక్కున్నాడు.

"అదేం మాటమ్మా? పెద్దదానివి, అలా అనొచ్చా?"

"అలాగే అనాలని రూలు నాయనా."

"ఎవడిదమ్మా రూలు? వాడికి అమ్మా అక్కా లేరా? వెళ్ళొస్తానను."

"వెనకాల జనం ఉన్నారు."

"ఉండనీ. నువ్వు అనేదాకా నేను తలుపు తియ్యను. రేపేదైనా అయితే నా డ్యూటీలో అన్న మాటవుద్ది."

"అక్కా, రావే!" లోపలి నుంచి హైమ. "ఇక్కడ టీ పెట్టినోడెవడో గానీ, ఏలక్కాయ దంచకుండా ఏసేశాడే!"

వరుసలో అందరూ తలలెత్తి చూస్తున్నారు.

"వెళ్ళొస్తాను నాయనా," అన్నాను.

"అదీ," అని పాసుపోర్టు నా చేతిలో పెట్టాడు. "వెళ్ళి రా అమ్మా."

గుమ్మం దాటాక వెనక్కి చూడకూడదంటారు. చూశాను. నా వెనకున్న పెద్దమనిషి, నిన్న మెట్ల మీద నీళ్ళు తాగినాయనే, పాసుపోర్టు ఇస్తూ జవానుతో, "నేనూ వెళ్ళొస్తానండి," అంటున్నాడు. ఆయన వెనకావిడ తన వంతు కోసం ఆగలేక అప్పుడే చేతులు జోడించి అనేస్తోంది. ఆమె వెనక ఇంకొకరు. వరుస కదలడం మానేసింది. మండలివారి బల్ల దగ్గర్నుంచి ఒకాయన గంట వాయించుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు.